మిరప సాగు ఆపేసి ఇంటి దగ్గరే జిమ్ పెడదామనుకుంటున్నా, తెలిసినవాళ్లు చెప్పండి

పల్నాటి_మిరప

సొంత పొలం 2 ఎకరాలు, కౌలుకు 3 ఎకరాలు చేస్తున్నా. నరసరావుపేట వైపు, మండల కేంద్రానికి ఆనుకుని ఉన్న ఊరు. ఐదెకరాలూ మిరపే. 2021లో నల్ల తామర పురుగు పడి పూత మొత్తం పోయింది. తర్వాత రేటు బాగుందని అందరూ మళ్లీ వేశారు, నేనూ వేశా. 2025 మొదట్లో గుంటూరు యార్డులో ధర పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది గానీ, కౌలు, మందులు, కోత కూలి, కూలీలను తెచ్చే ఆటో, కోల్డ్ స్టోరేజీ అద్దె అన్నీ కలిపితే నాకు ఎకరానికి రెండున్నర లక్షలు దాటింది. ఇరవై క్వింటాళ్లు దిగినా ఆ లెక్కన పెట్టుబడి కూడా తిరిగి రాదు. అందులో తాలు కాయల (రంగు పోయిన కాయల) సంగతి వేరే.

నాకు 31 ఏళ్లు. డిగ్రీలో ఉండగా పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లేవాడిని. ఇంటి వెనక పశువుల కొట్టంలో రాడ్డు, 120 కిలోల ప్లేట్లు, ఒక బెంచ్ పెట్టుకుని ఇప్పటికీ చేస్తున్నా. గేదెలు అమ్మేశాక కొట్టం ఖాళీ, 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. సాయంత్రం ఊళ్లో కుర్రాళ్లు వచ్చి నాతో పాటు చేస్తారు. ఇప్పటిదాకా ఎవరినీ రూపాయి అడగలేదు. "అన్నా, ఫీజు పెట్టు, మిషన్లు తెప్పించు" అని వాళ్లే అంటున్నారు.

కౌలు వదిలేసి, సొంత పొలంలో ఒక ఎకరం అమ్మి, 8 నుంచి 10 లక్షలు పెట్టి పూర్తి జిమ్ చేద్దామని ఆలోచన. నాన్న ససేమిరా అంటున్నాడు. "ఇనుము మోసినందుకు మనం కూలి ఇవ్వాలి గానీ, మోసేవాడు మనకెందుకు డబ్బులిస్తాడు" అంటాడు. పల్లెల్లో, మండలాల్లో జిమ్ నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి.

ఓరుగల్లు_శ్రీను

పొలం మాత్రం అమ్మకు తమ్ముడూ. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

గోదారి_గట్టు

మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పేముంది? పొద్దున ఆరింటికి చేలోకి దిగి సాయంత్రం దాకా వంగి పనిచేసే ఊళ్లో జిమ్‌కి ఎవరొస్తారు? మాది తణుకు దగ్గర. రెండేళ్ల కింద ఒకాయన పెట్టాడు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు నాలుగు రోజులు ఫొటోలు దిగారు, అంతే. ఇప్పుడక్కడ ఎరువుల గోడౌన్ ఉంది.

సీమ_బిడ్డ

శ్రీను అన్న మాట నేను ఒప్పుకోను. రెండు పడవల మీద కాళ్లు పెడితే రెండూ మునుగుతాయి. మాది అనంతపురం జిల్లా, వేరుశనగ. వాన పడితే పడినట్టు, లేకపోతే విత్తనం కూడా పోయినట్టు. నేను సాగు పూర్తిగా మానేసి టౌన్‌లో టైర్ల షాపు పెట్టాను. ఈరోజు పిల్లల ఫీజు టైముకి కడుతున్నా. రైతుకి వదిలేసే హక్కు ఉండదా? 31 ఏళ్లకి వదలకపోతే 50కి వదల్లేడు.

ఓరుగల్లు_శ్రీను

@సీమ_బిడ్డ వదలొద్దని ఎక్కడన్నా? సాగు ఆపడం వేరు, భూమి అమ్మడం వేరు. మా వైపు చూడు. పాసుపుస్తకం ఉన్నంతకాలం రైతు భరోసా ఎకరానికి సీజన్‌కి 6,000 వస్తుంది. రైతు బీమా కింద 59 ఏళ్లలోపు రైతు చనిపోతే ఇంటికి 5 లక్షలు ఎల్ఐసీ నుంచి వస్తాయి. ఆంధ్రాలో అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 20,000. ఎకరం అమ్మితే ఆ ఎకరం మళ్లీ కొనగలడా? జిమ్ మిషన్ కొన్న మర్నాడే సగం ధర. భూమికి ఆ బాధ లేదు.

రేకులషెడ్డు_జిమ్

కరీంనగర్ జిల్లాలో మండల కేంద్రంలో ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి ఆరేళ్లుగా జిమ్ నడుపుతున్నా. అంతకుముందు పత్తి, మక్క వేసేవాళ్లం. నేను చూసింది చెప్తా, కాస్త పెద్దగా ఉంటుంది.

గోదారి_గట్టు గారు చెప్పిన జిమ్ ఎందుకు మూతపడిందో ఆయన రాసినదాంట్లోనే ఉంది. కండలు పెంచుకునే కుర్రాళ్ల మీద ఆధారపడితే పల్లెలో జిమ్ నిలబడదు. వాళ్లు జనవరిలో చేరతారు, పరీక్షలని మార్చిలో ఆపుతారు, ఎండలకి రారు, డిగ్రీ అయ్యాక హైదరాబాద్ పోతారు. ఫీజు కూడా "అన్నా వచ్చే నెల ఇస్తా" అని నడుస్తుంటుంది. అన్నా అన్నవాణ్ని గట్టిగా అడగలేం.

నాకు నెలనెలా తప్పకుండా ఫీజు కట్టేది ముగ్గురు రకాలవాళ్లు. ఒకటి, టీచర్లు, బ్యాంకువాళ్లు, మందుల షాపువాళ్లు, అంటే రోజంతా కూర్చుని చేసే పని ఉన్నవాళ్లు. రెండు, షుగర్ వచ్చి డాక్టర్ నడవమని చెప్పిన నలభై దాటినవాళ్లు. మూడు, ఆడవాళ్లు. ఉదయం పది నుంచి పన్నెండు దాకా షెడ్డు వాళ్లకే. మగవాళ్లు గేటు దాటరు. నా భార్య శిక్షణ తీసుకుని ఆ బ్యాచ్ చూస్తుంది. మొత్తం రాబడిలో ఆ రెండు గంటలదే పెద్ద వాటా.

ఇప్పుడు అసలు సంగతి. జిమ్ టైము పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 9. పొలం టైము కూడా పొద్దున అదే. నువ్వు మిరప రైతువి. నారు దగ్గర్నుంచి కల్లం దాకా రోజూ చేలో మనిషి ఉండాల్సిన పంట అది. మందు కొట్టడం ఒక్క రోజు ఆలస్యమైతే పురుగు వదలదు. కోత సమయంలో కూలీలను తెల్లవారకముందే తెచ్చుకోవాలి. అదే గంటకి జిమ్ తాళం తియ్యాలి. పొద్దున ఐదింటికి వచ్చినవాడు తాళం చూసి వరుసగా రెండుసార్లు వెనక్కి పోతే మూడోసారి రాడు. కాబట్టి పొలం ఉంచుకో, మిరప వదులు. ఆ రెండూ కలిపి ఆలోచించొద్దు.

పల్నాటి_మిరప

@రేకులషెడ్డు_జిమ్ అన్నా, ఈ టైము గొడవ నేను అసలు ఆలోచించలేదు. మరి 2 ఎకరాల్లో ఏం వేయాలి? నాది నల్లరేగడి, బోరులో నీళ్లు పరవాలేదు.

ఓరుగల్లు_శ్రీను

మక్కజొన్న. లేదా కౌలుకిచ్చెయ్. ఇన్నాళ్లూ నువ్వు కట్టిన కౌలు ఇప్పుడు నీకు వస్తుంది.

సీమ_బిడ్డ

కౌలుకిస్తే సరే, నేను కూడా ఒప్పుకుంటా. అది వదిలినట్టే లెక్క.

కృష్ణాతీరం

జామాయిల్, సుబాబుల్ అని ఎవరైనా చెప్తే వినకు. వేర్లు తీయించాలంటే మళ్లీ జేసీబీ ఖర్చు. ఆయిల్ పామ్ అయితే గెలలు రావడానికి నాలుగేళ్లు చూడాలి, రెండెకరాలకి అంత నీళ్లు పెట్టే ఓపిక ఉండాలి. మొదటి రెండేళ్లు మొక్కజొన్న, మినుము చాలు. జిమ్ కుదురుకున్నాక చూసుకోవచ్చు.

లెక్కల_మాస్టారు

ఎవరూ డబ్బు లెక్క వేయలేదు కాబట్టి నేను వేస్తున్నాను. మండలంలో నెల ఫీజు 600 అనుకుందాం. క్రమం తప్పకుండా కట్టేవాళ్లు 40 మంది అనుకుందాం. మొదటి ఏడాదికి ఇదే ఎక్కువ. నెలకు 24,000. కరెంటు, శుభ్రం, చిన్న రిపేర్లు కలిపి 4,000 తీసేస్తే 20,000.

ఇప్పుడు పొలం అమ్మకుండా 8 లక్షలు బ్యాంకులో అప్పు తెచ్చావనుకో. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెల వాయిదా 17,400 దాకా వస్తుంది. నీ చేతిలో మిగిలేది 2,600. మిరప కోతకు వచ్చిన కూలీ వారం పనికే అంతకంటే ఇంటికి తీసుకెళ్లే రోజులున్నాయి.

అదే ముందు ఉన్న సామానుతో మొదలుపెట్టి, ఇంకో రెండు లక్షలు సొంత డబ్బు పెట్టావనుకో. 20,000 మొత్తం నీదే. పది మంది పెరిగితే 26,000. నలభై మందికి 8 లక్షల మిషన్లు అక్కర్లేదు, ఎందుకంటే నలభై మంది ఒకేసారి రారు. పొద్దున గంటకి ఏడెనిమిది మంది, సాయంత్రం అంతే.

రేకులషెడ్డు_జిమ్

మాస్టారు లెక్క సరిగ్గా ఉంది. ఒక్కటి కలపండి. ఏడాదికి 12 నెలల రాబడి అనుకోవద్దు, పది నెలలే అనుకోండి. మే నెలలో, పెళ్లిళ్ల సీజన్‌లో సగం మంది రారు.

గోదారి_గట్టు

ఆడవాళ్ల బ్యాచ్ అంటే బాగానే ఉంది గానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. పొలం పని చేసే ఒళ్లు కదా. మళ్లీ వ్యాయామం ఎందుకు? టీచర్లు, బ్యాంకువాళ్లు ఊరికి ఎంతమంది ఉంటారు?

ఫిజియో_మానస

@గోదారి_గట్టు గారూ, దీనికి నేను చెప్తాను, రోజూ ఇదే చూస్తున్నా కాబట్టి.

మా క్లినిక్‌కి నడుము నొప్పి, మోకాలు నొప్పి అని వచ్చేవాళ్లలో ఎక్కువ మంది పొలం పని చేసే ఆడవాళ్లే. కలుపు తీసేటప్పుడు, మిరప కోసేటప్పుడు గంటల తరబడి నడుము వంచి ఒకే భంగిమలో ఉంటారు. నడుముకి శ్రమ పడుతుంది గానీ బలం రాదు. తొడల కండరాలు, పిరుదుల కండరాలు బలహీనంగా ఉండటంతో భారమంతా నడుము మీద, మోకాళ్ల మీద పడుతుంది. కుర్చీలో కూర్చుని లేవడం లాంటి చిన్న వ్యాయామం సరిగ్గా నేర్పి, నెమ్మదిగా బరువు పెంచితే ఎంతోమందికి నొప్పి తగ్గుతుంది. శ్రమ వేరు, శిక్షణ వేరు.

ఇంకో సంగతి. ఊళ్లో అందరూ ఇప్పుడు అంత శ్రమ చేయడం లేదు. దున్నడానికి ట్రాక్టర్, కలుపుకి మందు, వరి కోతకి మిషన్. తిండి మాత్రం పాతదే, మూడు పూటలా అన్నం. 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలంటోంది. ఆ రెండో భాగం పల్లెలో ఎవరూ చేయడం లేదు, చేయించేవాళ్లు కూడా లేరు.

@పల్నాటి_మిరప గారూ, మీరు పెట్టండి. కానీ చేరే ప్రతి మనిషినీ ముందు అడగాలి. గుండె జబ్బు ఉందా, నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, బీపీ మందులు వాడుతున్నారా, ఎముకల ఆపరేషన్ అయిందా. ఒక్కదానికి అవునన్నా డాక్టర్ దగ్గరికి పంపి, ఆయన సరేనన్నాకే చేర్చుకోండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో చేస్తే చక్కెర పడిపోవచ్చు, గ్లూకోజ్ పొడి చేతికందేలా పెట్టుకోండి. సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కే ప్రథమ చికిత్స) తప్పకుండా నేర్చుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పండి.

గోదారి_గట్టు

@ఫిజియో_మానస శ్రమ వేరు, శిక్షణ వేరు అన్నది నాకు నచ్చింది. మా ఆవిడకి ఈ నడుము నొప్పే. ఆ కుర్చీ వ్యాయామం రోజుకి ఎన్నిసార్లు?

ఫిజియో_మానస

ముందు ఆవిడని ఒకసారి చూపించండి. కాలికి తిమ్మిరి, మంట ఉంటే ఇది చేయకూడదు. అవేమీ లేకపోతే పది చొప్పున రెండుసార్లు, మోకాళ్లు లోపలికి వంగకుండా చేయించండి.

సిక్కోలు_చిన్నోడు

పల్లెలో జిమ్ ఏంటి అంటున్నవాళ్లకి ఒక మాట. సిడ్నీ ఒలింపిక్స్, 2000. 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. పెరిగింది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో. విజయనగరం జిల్లా కొండవెలగాడ వెళ్లి చూడండి, ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లే. 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారం తెచ్చిన రాగాల వెంకట రాహుల్‌ది బాపట్ల వైపు స్టువర్టుపురం. వాళ్లంతా ఏసీ జిమ్‌లలో మొదలుపెట్టారా? రాడ్డు, చెక్క పలక, నేర్పే మాస్టారు, అంతే. నీ దగ్గర మొదటిదీ మూడోదీ ఉన్నాయి. చెక్క పలక చేయించు.

వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు విన్నారు కదా. ఆయన కాలం నుంచీ మా వైపు వ్యాయామశాల అంటే ఊరి గౌరవం.

పల్నాటి_మిరప

@సిక్కోలు_చిన్నోడు రాహుల్ పోటీని మా రూమ్‌లో అందరం కలిసి చూశాం. ఆరోజు అరుపులకి హాస్టల్ వార్డెన్ వచ్చాడు. ఇది నాన్నకి చదివి వినిపిస్తా. మల్లీశ్వరి అంటే ఆయనకి చాలా గౌరవం.

సీమ_బిడ్డ

అదీ దారి. నాన్నని మల్లీశ్వరి ఒప్పిస్తుంది, అమ్మని మానస గారు ఒప్పిస్తారు.

డాలస్_ప్రసాద్

కింద ఏం పరుస్తున్నారు? ఇక్కడ అమెరికాలో గరాజ్‌లో జిమ్ పెట్టుకునేవాళ్లు జిమ్ మ్యాట్లు కొనరు. రైతుల సామాన్ల దుకాణానికి వెళ్లి గుర్రాల కొట్టంలో వేసే రబ్బరు మ్యాట్లు తెచ్చుకుంటారు. నాలుగడుగులు వెడల్పు, ఆరడుగులు పొడవు, ముప్పావు అంగుళం మందం. మా గరాజ్‌లో అవే ఉన్నాయి, ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదు. మనవైపు ఆవుల కొట్టంలో వేసే రబ్బరు మ్యాట్లు దొరుకుతాయి కదా, అవి చూడండి.

పల్నాటి_మిరప

ప్రసాద్ గారూ, అవి నా దగ్గర ఉన్నాయి! గేదెలు అమ్మినప్పుడు చుట్టి మూల పెట్టా. కడిగి వేయొచ్చంటారా?

డాలస్_ప్రసాద్

కాస్టిక్ లేని సబ్బుతో రెండుసార్లు కడిగి నాలుగు రోజులు ఎండలో పెట్టండి. కొత్తవైనా మొదట్లో రబ్బరు వాసన వస్తుంది, తర్వాత పోతుంది. బరువులు కింద పెట్టే చోట మాత్రం రెండు ప్లైవుడ్ షీట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి, దానిపైన మ్యాట్ వేయండి. లేకపోతే గచ్చు పగులుతుంది.

కరెంటు_రాజు

ఇంటి మీటర్ మీద జిమ్ నడపొద్దు. ఫీజు తీసుకుంటున్నావంటే అది వ్యాపారం. ఆ షెడ్డుకి విడిగా కమర్షియల్ మీటర్ పెట్టించుకో, రెండు రాష్ట్రాల్లోనూ అది ఎల్టీ-2 కేటగిరీ. తనిఖీకి వచ్చినప్పుడు ఇంటి మీటర్ మీద పట్టుబడితే వెనకటి నెలలకి కూడా లెక్కగట్టి వసూలు చేస్తారు. పొలం మోటారు లైన్ నుంచి వైరు లాగే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో.

ట్రెడ్‌మిల్ గురించి. ఒక్కోదానికి 2 కిలోవాట్ల దాకా లోడ్ వేసుకోవాలి. ఊళ్లో సాయంత్రం అందరూ మోటార్లు వేసినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, అప్పుడు బోర్డు కాలిపోతుంది. స్టెబిలైజర్, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా పెట్టొద్దు. చెమట చేతులతో పట్టుకునే మిషన్ అది.

కృష్ణాతీరం

ట్రెడ్‌మిల్ ఎందుకు అసలు? ఊరు దాటితే కాలవ గట్టు ఉంది. దానికి కరెంటు బిల్లు రాదు.

రేకులషెడ్డు_జిమ్

మొదటి ఏడాది ట్రెడ్‌మిల్ వద్దు. నా దగ్గర రిపేర్ ఖర్చంతా దానిదే. ఆ డబ్బుతో స్క్వాట్ ర్యాక్ (రాడ్డు పెట్టుకునే స్టాండు), ల్యాట్ పుల్‌డౌన్ మిషన్ (పైనుంచి బరువు కిందికి లాగేది), 2.5 నుంచి 20 కిలోల దాకా డంబెల్స్ జతలు తీసుకో. ఆడవాళ్ల బ్యాచ్‌కి 1, 2 కిలోల డంబెల్స్, రబ్బరు బ్యాండ్లు, మ్యాట్లు చాలు. జలంధర్, మీరట్ నుంచి వచ్చే సరుకే ఇక్కడ షోరూముల్లో రంగు వేసి అమ్ముతారు. మూతపడిన జిమ్‌లు సామాను అమ్మేస్తుంటాయి, అక్కడ చూడు. ఇనుముకి వయసు ఉండదు, వెల్డింగ్ చూసుకుంటే చాలు.

జొన్నచేను_లక్ష్మి

ఇంతమంది రాశారు, ఒక్కరూ బాత్రూమ్ గురించి రాయలేదు. ఆడవాళ్లు రావాలంటే తలుపుకి లోపల గడియ ఉన్న బాత్రూమ్, బట్టలు మార్చుకునే గది ఉండాలి. నేను వెళ్లే చోట (సిద్దిపేట దగ్గర) మొదట్లో అవి లేవు, ఎవరూ రాలేదు. కట్టించాక చుట్టుపక్కల ఊళ్ల నుంచి స్కూటీల మీద వస్తున్నారు.

రోడ్డు మీద వెళ్లేవాళ్లకి లోపల కనిపించకూడదు. కెమెరా పెడితే గేటు దగ్గర పెట్టండి, లోపల వద్దు. మా ఇన్‌స్టాగ్రామ్ వీడియోలు తీయొద్దు. ఇవి మూడూ బోర్డు మీద రాసి పెట్టండి, మా అత్తగార్లు చదివి పంపిస్తారు. మేడమ్ లేకపోతే బ్యాచ్ నడవదు. మీ ఇంట్లో ఎవరైనా నేర్చుకుంటారా?

పల్నాటి_మిరప

@జొన్నచేను_లక్ష్మి అక్కా, మా చెల్లి బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసింది. ప్రైవేటు స్కూల్లో పీఈటీగా (ఆటల టీచరుగా) చేస్తోంది, జీతం చాలా తక్కువ. నిన్న తనకి ఈ థ్రెడ్ చూపించా. "సాయంత్రం స్కూలు అయ్యాక నాలుగున్నర నుంచి ఆరు దాకా ఆడవాళ్ల బ్యాచ్ నేను చూస్తా, రాబడిలో సగం నాది" అంది.

జొన్నచేను_లక్ష్మి

సగం ఇవ్వండి. తనుంటేనే కదా ఆ బ్యాచ్.

లెక్కల_మాస్టారు

ఆడవాళ్ల బ్యాచ్ రాబడిలో సగమా, మొత్తంలో సగమా? ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. అన్నాచెల్లెళ్లయినా రాసుకోవాలి.

ఖాకీ_కల

నాది నల్గొండ. కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నా. అన్నా, నువ్వు మమ్మల్ని మర్చిపోయావు. ప్రతి మండలంలో మాలాంటోళ్లు వందల మంది ఉంటారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. అగ్నివీర్‌కి (సైన్యంలో చేరడానికి) పుల్ అప్స్ పదికి 40 మార్కులు. పుస్తకాల కోచింగ్ ఎక్కడైనా దొరుకుతుంది, ఇవి నేర్పేవాళ్లు దొరకరు. పుల్ అప్స్ కోసం మేం వేపచెట్టు కొమ్మకి వేలాడతాం. నువ్వు మూడు నెలల బ్యాచ్ అని పెట్టి ఒకేసారి ఫీజు తీసుకో. నీ 2 ఎకరాల్లో రన్నింగ్ ట్రాక్ వెయ్, 200 మీటర్ల ట్రాక్ ఎకరంలో పడుతుంది, ఎనిమిది రౌండ్లు కొడితే 1600.

కృష్ణాతీరం

నల్లరేగడిలో ట్రాక్ వేస్తే వానకి బురద, ఎండకి పగుళ్లు. కాలు మెలికపడితే పిల్లాడి ఏడాది పోతుంది.

ఖాకీ_కల

గ్రావెల్ పోయిస్తే?

ఓరుగల్లు_శ్రీను

పంట భూమిలో గ్రావెల్ పోయొద్దు. ఒక్కసారి పోస్తే ఆ ఎకరం మళ్లీ సాగుకి పనికిరాదు. హైస్కూల్ గ్రౌండ్ ఉంటుంది కదా, హెడ్మాస్టర్‌ని అడిగి పొద్దున ఐదు నుంచి ఏడు దాకా వాడుకోండి. బదులుగా స్కూలు పిల్లలకి వారానికి ఒకరోజు ఆటలు నేర్పిస్తానని చెప్పు, ఎవరూ కాదనరు.

రేకులషెడ్డు_జిమ్

@ఖాకీ_కల చెప్పింది నిజమే. నోటిఫికేషన్ వచ్చిన ఏడాది నా దగ్గర షెడ్డు పట్టదు. రాని ఏడాది ఒక్కడూ ఉండడు. కాబట్టి అది అదనపు రాబడి అనుకో, దాన్ని నమ్ముకుని అప్పు చేయొద్దు.

ఒక విషయంలో గట్టిగా చెప్తున్నా. ప్రొటీన్ డబ్బాలు, ఇంజెక్షన్లు అమ్మమని మనుషులు నీ దగ్గరికి వస్తారు. ఫీజుల కంటే అందులోనే లాభం ఎక్కువ అని చెప్తారు. డబ్బాలు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ ఉండాలి, అందులో నకిలీ సరుకు చాలా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దనే చెప్పింది. ఇంజెక్షన్ల మాట ఎత్తినవాణ్ని గేటు బయటే ఆపు. ఊళ్లో ఒక్క పిల్లాడికి ఏమైనా అయితే ఆ ఇంటి ముందు నుంచి నువ్వు నడవలేవు. గుడ్లు, పాలు, పప్పు, శనగలు తినమని చెప్పు చాలు.

ఫిజియో_మానస

దీన్ని పూర్తిగా సమర్థిస్తున్నా. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకి తల్లిదండ్రుల సంతకం కూడా తీసుకోండి.

కృష్ణాతీరం

మీ ఊరి నుంచి రెంటచింతల ఎంత దూరం? రాష్ట్రంలో ఎండలు అక్కడే ముందు చెప్తారు. రేకుల కింద మే నెలలో జిమ్ అంటే మనుషులు పడిపోతారు.

పల్నాటి_మిరప

మాది కొట్టం పెంకులది, రేకులు కాదు. మూడు వైపులా సగం గోడే, గాలి బాగా వస్తుంది. ఎండాకాలం పొద్దున ఎనిమిదింటికే మూసేసి, సాయంత్రం ఆరింటికి తీస్తా.

కరెంటు_రాజు

పెంకుల మీద ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పైపుల్లో వేయించు.

గుమస్తా_గారు

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. కొట్టం గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉంటే భూమి మార్పిడి తలనొప్పి ఉండదు. పంచాయతీలో లైసెన్స్ తీసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. సేవల మీద ఏడాదికి 20 లక్షల వ్యాపారం దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. దాటే రోజు వస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అప్పు తప్పదనుకుంటే ముద్ర (చిన్న వ్యాపారాల రుణ పథకం)లో కిశోర్ విభాగం కింద 5 లక్షల దాకా తనఖా లేకుండా ఇస్తారు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకండి. పాత పంట రుణం ఉంటే ముందు అది రెన్యూవల్ చేయించుకోండి, గడువు దాటితే వడ్డీ రాయితీ పోతుంది.

పల్నాటి_మిరప

అందరివీ ఒకటికి రెండుసార్లు చదివా. రాత్రి నాన్నతో, చెల్లితో కూర్చుని మాట్లాడాం. ఎకరం అమ్మడం లేదు. కౌలు 3 ఎకరాలు ఉగాదికి భూమి యజమానికి అప్పజెప్పేస్తున్నా. సొంత 2 ఎకరాల్లో మొక్కజొన్న, పొద్దున చేను నాన్న చూసుకుంటాడు, మధ్యాహ్నం నేను వెళ్తా. ఈ పంట మిరప టిక్కీలు (బస్తాలు) అమ్మాక అప్పులు పోను మిగిలినదాంట్లో లక్షన్నర జిమ్‌కి పెడతా. అప్పు ఏమీ చేయను. ముందు బాత్రూమ్, గది, కమర్షియల్ మీటర్. తర్వాత ర్యాక్, డంబెల్స్. ఆడవాళ్ల బ్యాచ్ రాబడిలో సగం చెల్లిది, మాస్టారు చెప్పినట్టు కాగితం రాసుకున్నాం. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, పొలం అమ్మట్లేదనగానే కొంచెం తగ్గాడు. కొట్టం గోడకి సున్నం తనే కొట్టిస్తానన్నాడు.

ఒక సందేహం మిగిలింది. నేర్పడానికి నాకు సర్టిఫికెట్ కావాలా? పోటీల్లో ఆడిన కాగితాలు తప్ప ఏమీ లేవు.

ఫిజియో_మానస

ఆడటం వేరు, యాభై ఏళ్ల షుగర్ మనిషికి నేర్పడం వేరు. చేయండి. స్కిల్ ఇండియా కింద క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి విడిగా నైపుణ్య మండలి ఉంది, ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు చూడండి. మీ చెల్లికి బీపీఈడీ ఉంది కాబట్టి తనకి చాలావరకు తెలిసే ఉంటుంది, తన పుస్తకాలు ముందు చదవండి.

సిక్కోలు_చిన్నోడు

రాడ్డు కొత్తది తీసుకుంటావా, పాతదే వాడతావా?

పల్నాటి_మిరప

పాతది లోకల్‌ది, కొంచెం వంగింది. 20 కిలోల ఒలింపిక్ రాడ్డు ఒకటి తీసుకుందామని ఉంది.

రేకులషెడ్డు_జిమ్

కొనేముందు నీ ప్లేట్ల రంధ్రం కొలువు. ఒలింపిక్ రాడ్డు చివర 50 మిల్లీమీటర్లు ఉంటుంది, లోకల్ ప్లేట్లు చాలావరకు 28 నుంచి 30 మిల్లీమీటర్లవి. ఎక్కవు. నీ 120 కిలోలూ చిన్న రంధ్రానివైతే ఈ ఏడాది అదే సైజులో గట్టి రాడ్డు ఒకటి తీసుకో, ఆ 120 కిలోలు వృథా కాకుండా ఉంటాయి. కొలిచి ఇక్కడ రాయి, ఎక్కడ తీసుకోవాలో చెప్తా.

పల్నాటి_మిరప

కొలిచా అన్నా. 28.